ఇంట్లో కాఫీకి ఏది కొనాలి? స్టీలు ఫిల్టరు నుంచి ఎస్ప్రెస్సో మెషీను దాకా

వంటింట్లో స్టీలు ఫిల్టరు ఎప్పటి నుంచో ఉంది. ఈమధ్య కాఫీ షాపులో తాగిన రుచి కూడా నచ్చింది. అలాంటిది ఇంట్లో చేసుకుందామని వెతికితే పొయ్యి మీద పెట్టే మోకా పాట్, జాలీతో నొక్కి వంచుకునే ఫ్రెంచ్ ప్రెస్, కాగితంతో వడగట్టే వీ60, గొట్టంలో నొక్కి తీసే ఏరోప్రెస్, కరెంటు మీద నడిచే ఎస్ప్రెస్సో మెషీను వరసగా కనిపిస్తాయి. ధరలు వందల్లో మొదలై లక్ష దాటిపోతాయి. అన్నిటి మీదా రాసేది "మంచి కాఫీ" అనే. కానీ ఇవి చేసేది ఒకే కాఫీ కాదు. ఫిల్టరులో దిగే డికాక్షన్ పాలలో కలపడానికే తయారైంది. వీ60లో దిగే కాఫీలో పాలు పోస్తే అందులో ఉన్న మంచి అంతా పోతుంది. అందుకే కొనేముందు పరికరాల గురించి కన్నా మీ ఇంటి అలవాటు గురించి ఆలోచించాలి.

## ముందు తేల్చుకోవలసినవి

పాలు కలుపుతారా, లేదా? మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే. మన గ్లాసు కాఫీలో సుమారు 100 మి.లీ. పాలు, 50 మి.లీ. డికాక్షన్ ఉంటాయి. ఆ 50 మి.లీ.లో ఎంత పొడి సారం ఉందన్నదే కాఫీ చిక్కదనాన్ని నిర్ణయిస్తుంది. స్టీలు ఫిల్టరులో 30 గ్రాముల పొడికి 180 మి.లీ. నీళ్లు పోస్తే, పిప్పి పీల్చుకున్నది పోగా 115 మి.లీ. దాకా డికాక్షన్ దిగుతుంది. అంటే 50 మి.లీ.కి దాదాపు 13 గ్రాముల పొడి. ఫ్రెంచ్ ప్రెస్‌లో అదే 30 గ్రాములకు 500 మి.లీ. నీళ్లు పోస్తాం కాబట్టి, 50 మి.లీ.కి పడేది 3 గ్రాములే. ఫ్రెంచ్ ప్రెస్ కొన్నవాళ్లు "పాలు పోస్తే నీళ్లలా ఉంది" అనడానికి కారణం ఈ లెక్కే. పరికరంలో లోపం ఏమీ లేదు.

ఎంతమందికి, ఏ వేళకు? పొద్దున్నే నలుగురికి ఒకేసారి కావాలా, ఒక్కరే తీరిగ్గా తాగుతారా? చుట్టాలు వచ్చినప్పుడు ఎనిమిది గ్లాసులు పెట్టాల్సిన ఇంట్లో ఒక్కో కప్పు చేసే పరికరం రెండు నెలల్లో అటక ఎక్కుతుంది.

పొడి కొంటారా, గింజలు కొని ఇంట్లో ఆడించుకుంటారా? ఫిల్టరుకూ మోకాకూ కొట్లో ఆడించిన పొడి చక్కగా సరిపోతుంది. వీ60కి అది సగం న్యాయమే చేస్తుంది. ఎస్ప్రెస్సోకి అసలు సరిపోదు.

పొయ్యి, కరెంటు. అల్యూమినియం మోకా ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు. ఎస్ప్రెస్సో మెషీన్లు చాలావరకు 1000 వాట్ల పైనే లాగుతాయి, ఇంట్లో మామూలు ఇన్వర్టరు దాన్ని మోయలేదు. కరెంటు పోతే కాఫీ కూడా పోయినట్టే.

కడిగేది ఎవరు? ఇది చాలామంది మరిచిపోయే ప్రశ్న. ఫ్రెంచ్ ప్రెస్ జాలీలో ఇరుక్కున్న పిప్పి, ఎస్ప్రెస్సో మెషీను పాల గొట్టం ఏ రోజుకారోజు శుభ్రం చేయకపోతే పాత నూనె వాసన మర్నాటి కాఫీలోకి వస్తుంది.

## ఒక్కచోట చూస్తే

| పరికరం | పొడి : నీళ్లు | పొడి ఎలా ఉండాలి | సమయం | 50 మి.లీ.కి పడే పొడి | పాలకు |
|---|---|---|---|---|---|
| స్టీలు ఫిల్టరు | 30 గ్రా. : 180 మి.లీ. | మెత్తటి ఉప్పులా | 15–30 నిమిషాలు | 13 గ్రా. | చాలా బాగుంటుంది |
| మోకా పాట్ (3 కప్పులది) | 16 గ్రా. : 150 మి.లీ. | ఉప్పు కన్నా కాస్త మెత్తగా | 5–7 నిమిషాలు | 6–7 గ్రా. | బాగుంటుంది, పాలు తగ్గించాలి |
| ఫ్రెంచ్ ప్రెస్ | 30 గ్రా. : 500 మి.లీ. | ఇడ్లీ రవ్వలా | 5–8 నిమిషాలు | 3 గ్రా. | పలచన |
| వీ60 | 15 గ్రా. : 250 మి.లీ. | సన్న బొంబాయి రవ్వలా | 3 నిమిషాలు | 3–4 గ్రా. | వద్దు |
| ఏరోప్రెస్ (చిక్కగా) | 15 గ్రా. : 80 మి.లీ. | మెత్తటి ఉప్పులా | 2 నిమిషాలు | 13 గ్రా. | బాగుంటుంది |
| ఎస్ప్రెస్సో | 18 గ్రా. పొడికి 36 గ్రా. కాఫీ | బియ్యప్పిండికి కాస్త గరుకుగా | 25–30 సెకన్లు | 25 గ్రా. | చాలా బాగుంటుంది |

## స్టీలు ఫిల్టరు

పాల కాఫీ తాగే ఇంటికి దీన్ని మించినది లేదని గట్టిగా చెప్పవచ్చు. కరెంటు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు, పగిలేదీ అరిగేదీ ఏమీ లేదు. రాత్రి వేసి పడుకుంటే పొద్దున లేచేసరికి డికాక్షన్ సిద్ధం. కొత్త పరికరం కొనాలనుకునేవారిలో సగం మంది నిజానికి కొనవలసింది మంచి పొడి. పాత ఫిల్టరు రంధ్రాలు ఒకసారి శుభ్రం చేసుకుంటే చాలు.

రెండు గ్లాసులకు పద్ధతి ఇది. పై గిన్నె పూర్తిగా పొడిగా తుడవండి, తడి ఉంటే అడుగు పొర ముద్దకట్టి రంధ్రాలు మూసుకుంటాయి. 30 గ్రాముల పొడి వేసి, గిన్నెను పక్కల మీద తట్టి సమం చేయండి. గొడుగు లాంటి బిళ్లను పొడి మీద పెట్టి, దాని బరువుకు తోడు వేలి బరువు మాత్రమే వేయండి. నీళ్లు తెర్లాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగండి. ముందుగా పొడి తడిసేటంత, ఒక 40 మి.లీ. గుండ్రంగా పోయండి. తాజా పొడి అయితే నురగ పొంగుతుంది. అది అణిగాక మిగతా నీళ్లు పోసి మూత పెట్టండి. పావుగంట నుంచి అరగంటలో దిగాలి.

దిగడమే లేదు. ముందు పై గిన్నెను కాస్త ఎత్తి మళ్లీ పెట్టి చూడండి. రెండు గిన్నెలూ బిగుతుగా కూర్చున్నప్పుడు కింది గాలి బయటికి పోలేక డికాక్షన్‌ను ఆపేస్తుంది, ఎత్తగానే బొట్లు మొదలవుతాయి. అయినా దిగకపోతే పొడి మరీ మెత్తగా ఉండాలి, లేదా చికోరీ (కాఫీ పొడిలో కలిపే వేరు పొడి) ఎక్కువై ఉండాలి, లేదా బిళ్లను బలంగా నొక్కి ఉండాలి. చికోరీ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది కాబట్టి 40 శాతం చికోరీ ఉన్న పొడి ఎప్పుడూ నెమ్మదిగానే దిగుతుంది.

అయిదు నిమిషాల్లోనే దిగిపోయింది, పలచగా ఉంది. పొడి గరుకు, లేదా గిన్నె సైజుకు పొడి తక్కువ. పై గిన్నెలో కనీసం మూడో వంతు పొడితో నిండాలి. ఇద్దరికి ఎనిమిది కప్పుల ఫిల్టరు వాడితే పొర పలచనై నీళ్లు జారిపోతాయి. అందుకే మూడు రోజులు వచ్చే చుట్టాలకోసం పెద్దది కొనకుండా, చిన్నదీ పెద్దదీ రెండూ ఉంచుకోవడం మేలు.

అడుగున మడ్డి. రంధ్రాలు పెద్దవి. కొనేటప్పుడే పై గిన్నెను వెలుతురుకు ఎత్తి చూడండి. రంధ్రాలన్నీ ఒకే సైజులో, సూదిమొనంత ఉండాలి.

వాడగా వాడగా రంధ్రాల్లో కాఫీ నూనె గట్టిపడుతుంది. స్టీలుది అయితే ఖాళీ పై గిన్నెను సన్న మంట మీద పట్టుకుంటే నూనె కాలి రాలిపోతుంది. తర్వాత బ్రష్షుతో తోమాలి. ఇత్తడి ఫిల్టరుకు మాత్రం ఈ పని ఎప్పుడూ చేయకండి. లోపల ఉన్న కళాయి తగరపు పూత, తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఇత్తడిదాన్ని నిమ్మ ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టి తోమితే సరి. కళాయి అరిగి పసుపు రంగు కనబడితే మళ్లీ వేయించేదాకా వాడవద్దు. ఇత్తడిలో వేడి ఎక్కువసేపు నిలుస్తుందన్నది నిజమే. కానీ ఈ కళాయి పని చూసుకునే ఓపిక లేకపోతే స్టీలుదే కొనండి.

డికాక్షన్‌ను నేరుగా పొయ్యి మీద మరిగించకూడదు, వగరెక్కుతుంది. పాలను పొంగు వచ్చేదాకా కాచి, ఆ వేడి పాలలో డికాక్షన్ పోసి, గ్లాసుకూ డబరాకూ మధ్య నాలుగుసార్లు తిరగపోస్తే వేడీ నురగా రెండూ కుదురుతాయి. మిగిలిన డికాక్షన్ మూత పెట్టి ఫ్రిజ్‌లో ఒక్క రోజు ఉంచవచ్చు. అదే పొడి మీద రెండోసారి నీళ్లు పోసి తీసిన డికాక్షన్‌ను మొదటిదానిలో కొద్దిగా కలుపుకోవడానికి మించి వాడకండి.

## మోకా పాట్

1933లో ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి తెచ్చిన పాత్ర ఇది. కింద నీళ్లు, మధ్యలో పొడి, పైన కాఫీ. కింది నీళ్లు వేడెక్కి, ఆవిరి ఒత్తిడికి పొడిలోంచి పైకి ఎగదన్నుతాయి. ఆ ఒత్తిడి ఒకటి రెండు బార్లు (బార్ అంటే ఒత్తిడి కొలత) మాత్రమే. ఎస్ప్రెస్సోకి కావలసింది 9 బార్లు. కాబట్టి దీన్ని "పొయ్యి మీద ఎస్ప్రెస్సో" అని అమ్మినా అది ఎస్ప్రెస్సో కాదు. ఫిల్టరు డికాక్షన్ కన్నా ఘాటుగా, కాస్త మాడు వాసనతో వచ్చే వేరే కాఫీ. ఆ ఘాటు ఇష్టపడేవారు, పావుగంట ఆగలేనివారు దీన్ని ఇష్టంగా వాడతారు.

మంచి కాఫీ రావాలంటే నాలుగు సంగతులు. కింది గిన్నెలో వేడి నీళ్లే పోయండి, రక్షణ వాల్వు కిందిదాకా మాత్రమే. చన్నీళ్లు పోస్తే అవి కాగేలోపు పైనున్న పొడి మాడుతుంది. పొడిని బుట్ట నిండా వేసి సమం చేయండి, నొక్కవద్దు. మంట సన్నగా ఉంచి మూత తెరిచి చూస్తూ ఉండండి. చిక్కటి ధార పలచబడి, పసుపు నురగతో గుడగుడ మొదలవగానే దించి, అడుగును కుళాయి కింద పట్టండి. ఆ గుడగుడ పూర్తిగా ఆగేదాకా ఉంచితే చేదు మొత్తం దిగుతుంది.

పక్కలనుంచి ఆవిరి కారితే అంచు మీద పొడి రేణువులు ఉన్నట్టు, లేదా రబ్బరు వాషరు గట్టిపడినట్టు. వాషరు విడిగా దొరుకుతుంది, గట్టిపడగానే మార్చండి. చికోరీ ఉన్న పొడి ఇందులో వేయకపోవడమే మంచిది. అది ఉబ్బి దారి మూస్తే ఒత్తిడి వాల్వు మీద పడుతుంది. మన గ్యాసు పొయ్యి చట్రం మీద చిన్న మోకా నిలవదు, జారి పడుతుంది. దానితోపాటు చిన్న ఇనుప జాలీ స్టాండు కొనుక్కోండి. ఇంకో చిక్కు: ఆరు కప్పుల మోకాలో మూడు కప్పులు చేయలేం. బుట్ట నిండకపోతే నీళ్లు పొడిని సరిగా తడపకుండానే పైకి పోతాయి. మన పద్ధతిలో పాలు కలిపి తాగేవారికి మూడు కప్పుల మోకా ఇద్దరికి వస్తుంది.

## ఫ్రెంచ్ ప్రెస్

నలుగురు కూర్చుని నల్ల కాఫీ తాగే ఇంటికి ఇది సులువు. 30 గ్రాముల గరుకు పొడి, 500 మి.లీ. నీళ్లు, నాలుగు నిమిషాలు. నాలుగో నిమిషంలో పైన తేలిన పొరను చెంచాతో కలిపి, నురగ తీసేసి, ఇంకో రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచి, జాలీని నీటిమట్టం దాకా మాత్రమే దించి వంచుకోండి. అడుగుదాకా గట్టిగా నొక్కితే తేరిన మడ్డి మళ్లీ లేస్తుంది. నొక్కడం బరువుగా ఉంటే పొడి మెత్తనైంది. బలవంతంగా నొక్కితే గాజు పగిలి వేడి కాఫీ చేతిమీద పడుతుంది. చేసిన కాఫీని అందులోనే వదిలేయకండి, పొడితో కలిసి ఉన్నంతసేపూ చేదెక్కుతూనే ఉంటుంది.

రోహిణి కార్తె ఎండల్లో దీనికి ఇంకో ఉపయోగం ఉంది. 50 గ్రాముల గరుకు పొడిని 500 మి.లీ. చన్నీళ్లలో కలిపి, ఫ్రిజ్‌లో 12 నుంచి 16 గంటలు ఉంచి వంచితే పులుపూ చేదూ తక్కువైన చల్ల కాఫీ వస్తుంది. దీనికి మాత్రం పాలు కూడా సరిపోతాయి.

కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని వైద్యులు చెప్పినవారు రోజూ ఫ్రెంచ్ ప్రెస్ తాగడం మంచిది కాదు. కాఫీ నూనెలో ఉండే కెఫెస్టాల్ అనే పదార్థం చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాగితపు ఫిల్టరు దాన్ని చాలావరకు పట్టేస్తుంది. లోహపు జాలీలు కాగితంలా ఆపలేవు.

## వీ60, కాగితపు వడపోత

1908లో జర్మనీలో మెలిటా బెంట్స్ కాగితంతో కాఫీ వడగట్టిన నాటి నుంచి ఈ పద్ధతి ఉంది. వీ60 దానికి జపాన్‌లో వచ్చిన రూపం, శంకువు ఆకారంలో ఉంటుంది. అరకు గింజల్లోని పండు పులుపు, తేనె లాంటి తీపి తెలియాలంటే ఇదే దారి. ఆ రుచులు చికోరీలోనూ గేదె పాలలోనూ కనబడవు. పంచదార మానేసి నల్ల కాఫీకి మారినవారికి మేం మొదట చెప్పేది కూడా ఇదే. చేదు తక్కువ, మడ్డి ఉండదు.

కాగితాన్ని ముందు వేడినీళ్లతో తడిపి ఆ నీళ్లు పారబోయండి, లేకపోతే కాగితం వాసన వస్తుంది. 15 గ్రాముల పొడికి 92–96 డిగ్రీల నీళ్లు మొదట 40 గ్రాములు పోసి, 40 సెకన్లు ఆగండి. మిగిలినవి రెండు దఫాలుగా, మధ్యనుంచి బయటికి గుండ్రంగా పోస్తూ మొత్తం 250 గ్రాములకు తేవాలి. మొత్తం రెండున్నర నుంచి మూడున్నర నిమిషాల్లో దిగాలి. రెండు నిమిషాల్లోపే దిగి నాలుక మీద పచ్చి పులుపు తగిలితే పొడి గరుకు. నాలుగు నిమిషాలు దాటి నాలుక ఎండినట్టు వగరుగా ఉంటే పొడి మెత్తన. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. పొడి, నీళ్లు, సమయం మూడూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇక్కడ ఖర్చు శంకువుకు కాదు. ప్లాస్టిక్ వీ60 వందల్లోనే వస్తుంది, సెరామిక్ కన్నా వేడి కూడా బాగా నిలుపుతుంది. అసలు ఖర్చు గ్రైండరుకు. మిక్సీలో ఆడిస్తే సగం పిండి, సగం రవ్వ అవుతుంది. పిండి వగరునిస్తుంది, రవ్వ పులుపునిస్తుంది, రెండూ ఒకే కప్పులో పడతాయి. తప్పనిసరై మిక్సీ వాడితే రెండేసి సెకన్లు ఆపి ఆపి తిప్పి, టీ జల్లెడతో పిండిని జల్లించేయండి. చేతితో తిప్పే బర్ గ్రైండరు (గింజలను రెండు పళ్ల చక్రాల మధ్య నలిపేది), గ్రాముల తూకం యంత్రం, ఈ రెండూ లేకుండా వీ60 కొనడం డబ్బు దండగ. సన్న మూతి కెటిల్ ఉంటే మంచిదే కానీ మూడోది.

## ఏరోప్రెస్

హాస్టల్లో, ప్రయాణాల్లో, ఒక్కరే ఉండేవారికి. 2005లో ఆలన్ ఆడ్లర్ తెచ్చిన ప్లాస్టిక్ గొట్టం, పగలదు. 15 గ్రాములకు 200 మి.లీ. పోసి, కలిపి, నిమిషంన్నర ఆగి, అర నిమిషంలో నెమ్మదిగా నొక్కితే శుభ్రమైన నల్ల కాఫీ. 80 మి.లీ. మాత్రమే పోస్తే డికాక్షన్ లాంటిది వస్తుంది, పాలు కలుపుకోవచ్చు. బుస్సుమని గాలి చప్పుడు రాగానే నొక్కడం ఆపాలి. పిప్పి బిళ్లలా ఊడి పడుతుంది, కడగడం అర నిమిషం పని. ఒక్కసారికి ఒక్క కప్పే అన్నది దీని పరిమితి.

## ఎస్ప్రెస్సో మెషీను

ఇందులోనే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది కాబట్టి ఉన్నమాట చెప్పాలి. పెట్టె మీద "15 బార్లు", "20 బార్లు" అని రాసేది పంపు గరిష్ఠ సామర్థ్యం. కాఫీకి కావలసింది 9. తక్కువ ధర మెషీన్లలో పొడి వేసే బుట్ట రెండు గోడలది ఉంటుంది, ఒక్క చిన్న రంధ్రంలోంచి కాఫీని చిమ్మి నురగ పుట్టిస్తుంది. చూడటానికి క్రెమా (అసలైన ఎస్ప్రెస్సో మీద తేలే చిక్కటి నురగ) లాగే ఉంటుంది, రుచిలో చిక్కదనం ఉండదు. కొట్లో ఆడించిన పొడితో కూడా పనిచేయాలని అలా చేస్తారు. ఒక్క గోడ బుట్ట ఉన్న మెషీను, దానికి తగ్గ గ్రైండరు, రెండూ కలిపి కొనగలిగితేనే ఈ దారిలోకి రండి. చేతిలో ఉన్న డబ్బులో మూడో వంతుకు పైగా గ్రైండరుకే పెట్టాలి.

18 గ్రాములు వేసి 36 గ్రాములు 25–30 సెకన్లలో రావడం మొదటి గురి. 15 సెకన్లకే వచ్చేస్తే మెత్తగా ఆడించండి, 45 దాటితే గరుకుగా. కొత్త గింజల సంచీ తెరిచినప్పుడల్లా ఈ సర్దుబాటుకు రెండు మూడు కప్పుల పొడి పోతుందని ముందే లెక్కేసుకోవాలి. పాల నురగకు ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు, 60–65 డిగ్రీల దాకా. కాచి చల్లార్చిన పాలైతే మీగడ పూర్తిగా వడగట్టండి, లేకపోతే గొట్టంలో చిక్కుకుంటుంది.

బోరు నీళ్లు ఈ మెషీన్లకు శత్రువు. హైదరాబాద్ శివార్లలోని చాలా అపార్టుమెంట్లలో వచ్చే గట్టి నీళ్లతో లోపల సున్నం పేరుకుంటుంది. అలాగని ఉప్పులన్నీ తీసేసిన ఆర్‌ఓ నీళ్లతో కాఫీ చప్పగా వస్తుంది. ఆర్‌ఓ యంత్రానికి టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న ఉప్పుల కొలత) సర్దే మీట ఉంటే 80 నుంచి 120 మధ్య పెట్టించండి. ఈ మాట వీ60కి కూడా వర్తిస్తుంది.

## పరికరం కన్నా ముందు పొడి

చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని మన దేశ ఆహార ప్రమాణాల నిబంధన. ఎంత శాతమో ప్యాకెట్ మీద రాసి తీరాలి, కొనేముందు తిప్పి చూడండి. చికోరీ ఒక మొక్క వేరు, వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ ఉండదు. రంగూ చిక్కదనమూ ఇస్తుంది, పాలను తట్టుకుని నిలుస్తుంది. దాన్ని కల్తీ అనడం తప్పు, కానీ కాఫీ ధరకు చికోరీ కొనడం నష్టం.

కొట్లో "ప్లాంటేషన్ ఏ" అంటే పండు పొట్టు తీసి కడిగి ఎండబెట్టిన అరబికా రకం కాఫీ, ఏ అన్నది గింజ సైజు. "చెర్రీ" అంటే పండుతో సహా ఎండబెట్టినది. "పీబీ" అంటే పీబెర్రీ, పండులో రెండు చదునైన గింజల బదులు ఒక్కటే గుండ్రంగా పెరిగినది. రోబస్టా అనే ఇంకో రకంలో కెఫీన్ అరబికా కన్నా దాదాపు రెట్టింపు, రుచి మొరటు, ధర తక్కువ. పాల కాఫీకి మా సలహా: కాఫీలో మూడు వంతులు ప్లాంటేషన్ అరబికా, ఒక వంతు రోబస్టా, మొత్తం పొడిలో చికోరీ 10 నుంచి 20 శాతం. గేదె పాలు వాడే ఇంట్లో 20 దగ్గర, టోన్డ్ పాలు వాడేచోట 10–15 దగ్గర ఆగండి. పూర్తిగా అరబికా పొడి గేదె పాలలో తేలిపోతుంది. ఎంత ఖరీదైనదైనా అంతే.

అరకు కాఫీ సంగతి వేరుగా చెప్పుకోవాలి. తూర్పు కనుమల్లో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో గిరిజన రైతులు నీడ చెట్ల కింద పండించే అరబికా ఇది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మధ్యరకంగా వేయించిన అరకు గింజలను వీ60లోనో ఏరోప్రెస్‌లోనో తాగాలి. అవే గింజలు ఫిల్టరుకు కావాలంటే ముదురుగా వేయించినవి అడగండి.

ఏ పొడైనా 200 గ్రాములకు మించి ఒకసారి కొనవద్దు, రెండు వారాల్లో అయిపోవాలి. ప్యాకెట్ మీద వేయించిన తేదీ ఉంటేనే కొనండి, గడువు తేదీ వల్ల ఏమీ తెలియదు. విశాఖ, కాకినాడ, బందరు లాంటి సముద్రతీరపు ఊళ్లలో పొడి తొందరగా తేమ పీల్చి మెత్తబడుతుంది. బిగుతు మూత స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. రోజూ తీసే డబ్బాను ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీసినప్పుడల్లా లోపల చెమ్మ పడుతుంది.

## ఎవరికి ఏది

నలుగురైదుగురు, పాల కాఫీ, వచ్చేపోయే చుట్టాలు: పెద్దదీ చిన్నదీ రెండు స్టీలు ఫిల్టర్లు. మిగిలిన డబ్బు పొడికి.

ఇద్దరే, పొద్దున ఆఫీసు హడావిడి: రాత్రి ఫిల్టరు వేసే అలవాటు ఉంటే అదే. లేకపోతే మూడు కప్పుల మోకా. కాఫీ ఘాటుగా ఉంటుందని, పాలు 80 మి.లీ.కి తగ్గించాలని తెలిసి కొనండి.

పంచదారా పాలూ మానేసినవారు: గ్రైండరు, తూకం, ప్లాస్టిక్ వీ60. కొలెస్ట్రాల్ జాగ్రత్త అవసరమైనవారికి కూడా ఇదే.

హాస్టలు, పీజీ గది: ఏరోప్రెస్, నీళ్లు కాచే కెటిల్. అది ఖరీదనిపిస్తే రెండు కప్పుల స్టీలు ఫిల్టరు కూడా కెటిల్ నీళ్లతోనే పనిచేస్తుంది.

కాపుచినో, లాటే రోజూ కావాలి: గ్రైండరుతో కలిపి ఎస్ప్రెస్సో. అంత పెట్టలేకపోతే చవక మెషీను కొనకండి. మోకా, పాల నురగ గిలక్కొట్టే చిన్న బ్యాటరీ కవ్వం తీసుకోండి, రుచి ఎక్కువ దగ్గరగా వస్తుంది.

అమెరికాలో, ఇంకెక్కడైనా ఉన్న తెలుగువారు: ఇక్కడినుంచి స్టీలు ఫిల్టరు తీసుకెళ్లడం అన్నిటికన్నా తేలిక. పొయ్యి ఏదైనా దానికి తేడా లేదు. మోకా తీసుకెళ్తే ఇండక్షన్‌కు పనికొచ్చే స్టీలుదే చూడండి. ఇండియా పొడి నెలల తరబడి దాచుకోవడం కన్నా, అక్కడి రోస్టరు దగ్గర ముదురు రోస్టు గింజలు కొని, మోకాకు తగ్గట్టు ఆడించి ఇమ్మని అడిగి, విడిగా దొరికే చికోరీ పొడిని 85కి 15 పాళ్లలో కలుపుకోవడం మంచిది. న్యూ ఆర్లీన్స్ వైపు కాఫీలో చికోరీ కలపడం పాత అలవాటే కాబట్టి అది అమెరికాలో విడిగానూ, కలిపినదిగానూ దొరుకుతుంది. డ్రిప్ మెషీన్ల కోసం ఆడించిన డబ్బా పొడి మాత్రం మన ఫిల్టరులో నిమిషాల్లో జారిపోతుంది. అదే ఉంటే 30 గ్రాముల బదులు 40 వేయండి, బిళ్లను కాస్త గట్టిగా అదమండి, నీళ్లను నాలుగు దఫాలుగా పోయండి.